స్కూటర్ బెల్టు ఒరిజినలా, బయటదా? అసలు గొడవ డబ్బాతోనే

"బాబాయ్, కంపెనీ బెల్టే వెయ్యి, డూప్లికేట్ వద్దు." బెజవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి స్కూటర్ తెచ్చేవాళ్ళలో సగం మంది బండి స్టాండ్ వెయ్యకముందే చెప్పే మాట ఇది. మిగతా సగం "ఏదోటి వేసెయ్ అన్నా, అన్నీ ఒకచోటే తయారౌతాయంటగా" అంటారు. బెల్టంటే గేర్లు లేని స్కూటర్లో ఇంజను తిప్పుడుని వెనక చక్రానికి అందించే రబ్బరు పట్టీ. రోజూ ఇదే పాట, చెప్పీ చెప్పీ నోరు పోతోంది, అందుకే రాసి పెడుతున్నా.

అపోహ: కంపెనీ డబ్బాలో ఉంటే ఒరిజినల్, లేకపోతే డూప్లికేట్.

జనం జేబుకి ఎక్కువ చిల్లు పెట్టేది ఇదే. మార్కెట్లో ఉండేవి రెండు రకాలు కాదండి, మూడు. స్కూటర్ కంపెనీ పేరుతో వచ్చేది ఒకటి, బాండో, మిత్సుబోషి, గేట్స్ లాంటి బెల్టు కంపెనీలు సొంత పేరుతో అమ్మేది రెండోది, నకిలీది మూడోది. స్కూటర్ కంపెనీలు బెల్టు సొంతంగా చేసుకోవు, ఇలాంటి బెల్టు కంపెనీల దగ్గరే చేయించుకుంటాయి, అలాంటప్పుడు రెండో రకం డూప్లికేట్ ఎలా అవుతుంది? మీరే ఆలోచించండి, నకిలీ చేసేవాడు ఏ డబ్బా కాపీ కొడతాడు? జనం కళ్ళు మూసుకుని కొనే డబ్బానే కదా.

మొన్నామధ్య తాడేపల్లి నుంచి ఒకాయన వచ్చాడు, వాళ్ళమ్మాయి బండి రాత్రిపూట వారధి మీద ఆగిపోయిందంట. కవరు విప్పితే బెల్టు పళ్ళ మొదట్లో పగుళ్ళు, పక్కన దారం పోగులు బయటికొచ్చి ముక్కలైంది, వేసి ఎన్నాళ్ళో కూడా కాలేదు. ఆయన అదే షాపులో ఇంకోటి కొని తెచ్చాడు, "కంపెనీదే, సీలు కూడా తియ్యలేదు" అని. సీలు తీసి చూస్తే డబ్బా మీద నంబరు బానే ఉంది, బెల్టు వీపు మీద మాత్రం ఒక్క అక్షరం లేదు, నున్నగా ఉంది. వెర్నియర్ (కొలత పెట్టే పనిముట్టు) పెడితే వెడల్పు ఒకచోట ఒకలా, బెత్తెడు దూరంలో ఇంకోలా. ఆయన మొహం చూస్తే ఏమనాలో తోచలా. ఆడపిల్ల మళ్ళీ రోడ్డు మీద నిలబడకూడదని రేటు కూడా అడక్కుండా కొన్నాడు, ఆ భయాన్నే వీళ్ళు అమ్ముకునేది.

కాబట్టి చూడాల్సింది డబ్బా రంగు కాదు, పార్టు నంబరు. హోండా స్కూటర్ బెల్టులైతే 23100తో మొదలౌతాయి, తర్వాత వచ్చే అక్షరాలే ఏ మోడలుదో చెప్తాయి. కౌంటర్లో "యాక్టివా బెల్టు ఇవ్వు" అంటే చేతికందింది ఇస్తాడు, 110 వేరు 125 వేరు, 2020 తర్వాత వచ్చిన బిఎస్6 (కొత్త పొగ రూల్సు) బండికి పాత బండి బెల్టు సరిపోద్దని మీరే అనుకోవద్దు. డబ్బా మీద నంబరు, బెల్టు మీద ప్రింటు రెండూ చూడండి, బిల్లు తీసుకోండి. నన్నడిగితే, వారంటీలో ఉన్న బండి ఐతే షోరూంలోనే వేయించండి. ఆ తర్వాత, బిల్లు ఇవ్వని కంపెనీ డబ్బా కన్నా బిల్లుతో వచ్చే మంచి బ్రాండు బెల్టు మేలు.

"అన్నీ ఒకటే" అనేవాళ్ళకి: చేసే ఫ్యాక్టరీ ఒకటే అయినా రబ్బరు, లోపలి దారం, కొలత ఒకటే అవ్వాలని లేదు. రెండు మూడొందల తేడా కోసం కొలత తప్పింది వేస్తే టాప్ స్పీడు పోద్ది, లేదా కదిలేటప్పుడు కుదుపు వస్తది.

అపోహ: నెలకే తెగిందంటే బెల్టు నాసిరకం.

చాలాసార్లు బెల్టు తప్పేం ఉండదు. ముందు పులీ (బెల్టు తిరిగే చక్రం) వెనక ఆయిల్ సీలు కారుతుంటే ఎంత ఖరీదైన బెల్టైనా జారి జారి కాలిపోద్ది, బెల్టు మార్చి సీలు వదిలేస్తే మళ్ళీ అదే కథ. ముందు పులీ లోపల ఉండే రోలర్లు ఒకపక్క అరిగి చదునుగా అయ్యుంటే అవీ మార్చాలి. ఇంకోటి, బిగించే తీరు. వెనక పులీ రెండు రేకులు విడదీసి బెల్టుని లోపలికి దించి, ముందు పులీ దగ్గర వదులు తెచ్చుకుని అప్పుడు నట్టు బిగించాలి. అది చెయ్యకుండా నట్లు బిగించే గన్ను పెట్టి టర్రుమనిపిస్తే బెల్టు ముందు రేకుల మధ్య నలుగుద్ది, నట్టు బిగిసినట్టే ఉంటది గానీ తర్వాత లూజై షాఫ్టు పళ్ళు తినేస్తది. అప్పుడు వేలల్లో ఖర్చు, తిట్లు మాత్రం బెల్టుకి.

అపోహ: మన బెజవాడ ఎండకి బయట బెల్టులు ఆగవు.

గుల్మార్గ్‌లో మంచు మీద తిప్పే స్నోమొబైల్లో కూడా ఇదే రకం బెల్టు, వేరియేటరు (అదే, ముందు పులీ) ఉంటాయి, అంత చలిలో కూడా బెల్టులు కాలతాయి. వేడి పుట్టేది ముఖ్యంగా జారడం వల్ల. ఎండ దానికి తోడవుతుంది, అంతే. బెల్టు కవరుకి గాలి వెళ్ళే దారి దుమ్ముతో పూడుకుపోకుండా చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ నుంచి వచ్చిన బళ్ళ కవర్లు విప్పితే లోపల మెత్తటి ఒండ్రు, కొంతమంది అది కడక్కుండానే కొత్త బెల్టు వేయించుకున్నారు, ఆ మట్టి ఉప్పు కాగితంలా గీకేసింది.

అపోహ: బెల్టు తెగితే వెనక చక్రం పట్టేసి పడిపోతాం.

ఈ పుకారు ఎవడు పుట్టించాడో గానీ, మా వీధి పిన్నిగారు దీనికి భయపడి ఫ్లైఓవర్ ఎక్కడమే మానేశారు. బెల్టు తెగితే వెనక పులీకి ఇంజను తిప్పుడు అందదు, స్పీడు తగ్గగానే క్లచ్ దానంతటదే వదిలేస్తది, చక్రం మామూలుగా దొర్లుతుంది. రేజ్ ఇస్తే ఇంజను అరుస్తది, బండి కదలదు. మెల్లగా ఎడమపక్కకి తెచ్చి ఇంజను ఆపెయ్యండి. మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేసి రేజ్ చేస్తే మాత్రం ముక్కలు లోపల చుట్టుకుని పులీ కూడా పోద్ది, తోసుకుంటూ తెచ్చినా ఫర్లేదు.