పాత ధాన్యం కొట్టు: అపోహలు - వాస్తవాలు

పాత ఇళ్లు, కొట్లు బాగుచేసే పని నాది, ఎక్కువగా గోదావరి జిల్లాల్లో. ఏ ఊరెళ్లినా కొందరు అడిగేవి, నమ్మేవి ఇవే.

అపోహ: "మా కొట్టు మూడొందల ఏళ్ల నాటిదండీ, ఆ పెంకు చూడండి!"
ఆ పెంకు మాత్రం అంత పాతది కాదని చూస్తేనే తెలిసిపోతుందండీ. మనం బెంగళూరు పెంకు అంటాం గానీ అది మంగళూరు పెంకు, అక్కడ బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు ఫ్యాక్టరీ పెట్టింది 1860ల్లో. అలాగని గోడలు కూడా అప్పటివే అనలేం, అంతకుముందున్న గూనపెంకు దించేసి ఇది నేసిన కొట్లు చాలా ఉన్నాయి, దూలాల మీద ఇప్పటి కప్పుకి పనికిరాని, పాత కప్పు నాటి బెజ్జాలు కనిపిస్తే నాకు ముందు ఆ అనుమానమే వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలవ నీళ్లతో పంట పెరిగింది, అందుకే కాలవ కింద ఊళ్లో పెద్ద కొట్టు చూస్తే ఆ తర్వాతదేమో అనే మొదలుపెడతా.

అపోహ: కర్రంతా బర్మా టేకే.
కొన్నిచోట్ల నిజమే. కానీ కొట్టాల్లో ఎక్కువగా తాటిదూలాలే. మామూలు చెట్టుకి చేవ మధ్యలో, తాటికి బయట, లోపలంతా మెత్తని బెండు. ముదురు తాడి అయితే తరాలు నిలబడుతుంది, దాన్ని తక్కువగా చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: మట్టిగోడకి సిమెంట్ పూస్తే గట్టిపడుతుంది.
అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే! మట్టిగోడ నేల చెమ్మ పీల్చి బయటికి వదిలేస్తుంది, గానుగలో రుబ్బిన సున్నం దాన్ని అడ్డుకోదు, సిమెంట్ అడ్డుకుంటుంది. మొదట్లో నేనూ ఒకాయన పట్టుబడితే ఒప్పుకుని పూయించా, రెండు వానాకాలాలు తిరిగేసరికి ప్లాస్టరింగ్ బాగానే ఉంది, వెనక మట్టి ముద్దైపోయింది, గోడని ఆనుకుని ఉన్న బస్తాలకి బూజు పట్టింది. ఆ గోడ మళ్లీ కట్టాల్సొచ్చింది.

అపోహ: పాతర అంటే నిధి దాచిన గొయ్యి.
కాదు, ధాన్యం దాచిన గొయ్యి. మెట్ట ఊళ్లలో తవ్వేవారు, డెల్టాలో నీళ్లు పైకే ఉంటాయి కాబట్టి అక్కడ ధాన్యాన్ని నేల మీదే పోసి గడ్డితాడు చుట్టి పురి కట్టేవారు. పాతరకి చుట్టూ గడ్డి పరిచి గింజ పోసి పైన మట్టితో మూసేస్తే, గింజ ఊపిరికే లోపల ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగి పురుగు చస్తుంది. మనిషికీ అంతే. ఇంటి పునాది తవ్వుతుంటే పాతర బయటపడితే బంగారం ఉందేమోనని ఎవర్నీ దిగనివ్వకండి, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వకండి.