గనిలో పుట్టిన మాట పైకి చేరాలి: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. గనుల రక్షణ పక్షోత్సవాల సందర్భంగా మీరు గీసిన గని కార్మికుల బొమ్మలన్నీ ఓపికగా చూశాను. నెత్తిన టోపీ, దానికి బిగించిన లైటు, నడుముకు బ్యాటరీ, కాళ్ళకు బూట్లు, అన్నీ చక్కగా వేశారు. అయితే ఏ బొమ్మలోనూ ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ కనిపించలేదు. భూగర్భ గనుల్లో మైనింగ్ సర్దారుగా, అంటే షిఫ్టులో కార్మికుల రక్షణ చూసే ఉద్యోగిగా, పనిచేసి విశ్రాంతి తీసుకున్న నాకు ఆ లోటు పెద్దదిగానే తోచింది. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినవాడు ఆ సంగతిని జంకు లేకుండా చెప్పగలగాలి, విన్నవాడు దాన్ని రాసిపెట్టి పైవాళ్ళకు అందించాలి, పైవాళ్ళు అవసరమైతే పని ఆపించాలి. ఈ మూడూ అలవాటుగా జరిగే చోటే టోపీ వల్ల కూడా ప్రయోజనం ఉంటుంది. రక్షణ సంస్కృతి అని పెద్దవాళ్ళు సభల్లో చెప్పే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. దాన్ని మీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

గోదావరి లోయలో, ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1871లో గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి ప్రాంతాల్లో గనుల చుట్టూ ఊళ్ళు పెరిగాయి. తట్టా చెమ్మస్‌తో (బుట్ట, పారతో) బొగ్గు ఎత్తిన తరం వెళ్ళిపోయి యంత్రాలు నడిపే తరం వచ్చింది. పనిముట్లు మారాయి గాని భూమి స్వభావం మారలేదు.

భూగర్భ గనిలో బొగ్గు పొరలోకి అడ్డంగా, నిలువుగా దారులు తవ్వుకుంటూ పోయి, వాటి నడుమ కొంత బొగ్గును స్తంభాలుగా వదిలేస్తారు. వాటినే పిల్లర్లు అంటాం. దారి తవ్వినంత మేర పైనున్న రాయికి కింద ఆధారం పోతుంది కాబట్టి అది కుంగడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. అందుకే కప్పుకు రంధ్రాలు వేసి, వాటిలో సిమెంట్ లేదా రెసిన్ క్యాప్సూల్స్ దూర్చి, ఉక్కు బోల్టులు బిగిస్తారు. పూర్వం కలప దుంగలు నిలబెట్టేవాళ్ళం. బరువు పెరిగినప్పుడు కలప కిర్రుమని మూలిగేది, ఆ చప్పుడు వినగానే పాతవాళ్ళు చేతిలో పని వదిలేసి బయటికి నడిచేవాళ్ళు. ఉక్కు బోల్టు కలపకన్నా బలమైనదే అయినా అలా ముందుగా పలికి చెప్పదు. అందువల్ల కప్పును మనిషే పలకరించి తెలుసుకోవాలి.

అది ఎలాగో చెబుతాను. సర్దారు ముందుగా బోల్టులు వేసిన గట్టి కప్పు కింద నిలబడతాడు. ఒక చేత్తో కర్ర పట్టుకుని ఎదుటి కప్పును కొడతాడు, రెండో చేతి అరచేతిని కప్పుకు ఆనించి ఉంచుతాడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటారు చూడండి, అలాగే ఇక్కడా చెవి పెట్టాలి. రాయి గట్టిగా అతుక్కుని ఉంటే ఖంగుమని మోగుతుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా, బరువుగా పలుకుతుంది, అరచేతికి సన్నని వణుకు తగులుతుంది. ఆ వణుకు తెలిసిన చోట వదులు రాయిని పొడవాటి గడ్డపారతో దూరం నుంచే దించేయాలి, లేదా ఆధారం పెట్టేదాకా ఆ చోటుకు ఎవ్వరూ రాకుండా కంచె కట్టాలి. మన దేశంలో భూగర్భ బొగ్గు గనుల్లో ప్రాణాలు తీసిన కారణాల్లో కప్పు కూలడం చాలాకాలంగా ముందు వరుసలో ఉంది. కాబట్టి ఈ పనిని ఎంతో ఇష్టంగా, ఎంతో నెమ్మదిగా చేయాలని నేను కొత్తవాళ్ళకు చెప్పేవాణ్ణి.

ఇక్కడిదాకా ఒక్క మనిషి నైపుణ్యమే. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మొదటి షిఫ్టు సర్దారుకు ఒక మూలలో కప్పు డొల్లగా వినిపించిందనుకోండి. రెండో షిఫ్టు వాళ్ళు దిగే వేళకు అతను ఇంటికి బయలుదేరే తొందరలో ఉంటాడు. లోపలికి వెళ్ళేవాడు మస్టరు (హాజరు) పడిందా లేదా అని చూసుకుంటూ ఉంటాడు. “ఫలానా చోట జాగ్రత్త” అన్న మాట నోటితో చెబితే బొగ్గు టబ్బులను (చిన్న బండ్లను) లాగే హాలర్ యంత్రం మోతలో కలిసిపోవచ్చు. అదే రిజిస్టరులో చోటు, సమయం, చేసిన పని రాసి సంతకం పెట్టి, తర్వాతి షిఫ్టు సర్దారు దాన్ని చదివి కింద సంతకం చేస్తే ఆ సంగతి గనిలో నిలిచి ఉంటుంది. చట్టం ఈ రాతపనిని తప్పనిసరి చేసింది వేధించడానికని కొందరు విసుక్కుంటారు. ఆ విసుగు చాలా ప్రమాదకరమైనదని నేను గట్టిగా నమ్ముతాను.

మాట చేరకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ఘటన చూపిస్తుంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని మౌరా నంబర్ 2 గనిలో 1994 ఆగస్టు 7 రాత్రి పేలుడు జరిగి 11 మంది చనిపోయారు. బొగ్గుకు గాలి తగిలితే మెల్లగా వేడెక్కే గుణం ఉంది, ఆ వేడి పెరిగి పెరిగి దానంతట అదే నిప్పుగా మారవచ్చు. మౌరాలో బొగ్గు తీసేసిన ఒక ప్యానెల్‌లో, అంటే గనిలోని ఒక విడి భాగంలో, అదే జరిగింది. అంతకు ముందే వింత వాసన వచ్చిందని కొందరు చెప్పారు, బొగ్గు అలా వేడెక్కినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పెరుగుతున్న జాడలు కూడా ఉన్నాయి. ఒక్కొక్క ఆనవాలు ఒక్కొక్కరి దగ్గర ఉండిపోయింది గాని, అన్నిటినీ ఒకచోట చేర్చి చూసి, లోపలికి దిగబోయే వాళ్ళకు పూర్తిగా చెప్పడం జరగలేదని తర్వాత విచారణలో తేలింది. ఆ ప్యానెల్‌ను మూసేశాక కూడా కార్మికులు గనిలోకి దిగారు. అదే బొగ్గు ప్రాంతంలో 1975లో 13 మంది, 1986లో 12 మంది పేలుళ్ళలో ప్రాణాలు పోగొట్టుకున్న చరిత్ర అప్పటికే ఉంది. ఈ దుర్ఘటన తర్వాత అక్కడ చట్టాన్నే కొత్తగా రాసుకుని 1999లో తెచ్చారు. మన బొగ్గుకు కూడా తనంతట తాను వేడెక్కే గుణం ఉంది కాబట్టి, ఈ కథను ఎక్కడో దూరదేశపు సంగతిగా వదిలేయకండి.

నీటి సంగతి కూడా ఇలాంటిదే. జార్ఖండ్‌లోని ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలో 1975 డిసెంబరు 27న నీరు ముంచెత్తి 375 మంది మరణించారు. మన గోదావరిఖనిలో 2003 జూన్‌లో భూగర్భ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత గనుల్లో ఏళ్ళ తరబడి నీరు నిండి ఉంటుంది. కొత్త తవ్వకం అటువైపు వెళ్తున్నప్పుడు ఆ పాత తవ్వకం సరిగ్గా ఎక్కడ ఆగిందో చెప్పేది పాత మ్యాపు ఒక్కటే. నీరు నిలిచే అవకాశం ఉన్న పాత తవ్వకాలకు 60 మీటర్లలోపు పని చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలనీ, ముందు బోరు రంధ్రాలు వేసి పరీక్షించుకుంటూ కదలాలనీ నియమాలున్నాయి. ముప్పై నలభై ఏళ్ళ కిందట ఒక సర్వేయరు గీసిన గీత ఈనాటి కార్మికుడి ప్రాణానికి ఆధారమవుతుందంటే, రాసి ఉంచడానికి ఎంత విలువ ఉందో మీకే అర్థమవుతుంది.

గ్యాసు గురించి కొద్దిగా చెప్పి ముందుకు వెళ్తాను. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు, గాలికన్నా తేలిక కాబట్టి కప్పు దగ్గర చేరుతుంది. గాలిలో దాని వాటా సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అంతదాకా రానివ్వకుండా 1.25 శాతం దగ్గరే కరెంటు తీసేసి మనుషుల్ని బయటికి పంపాలని మన నియమాలు చెబుతాయి. పూర్వం సేఫ్టీ ల్యాంపు మంటను బాగా తగ్గించి, దానిపైన లేతనీలి రంగులో టోపీలా తేలే వెలుగును బట్టి గ్యాసు ఎంత ఉందో అంచనా కట్టేవాళ్ళం. ఇప్పుడు అంకెల్లో చూపించే మీటర్లు వచ్చాయి.

పిల్లలూ, ఇన్ని నియమాలు ఉన్నా ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయని మీరు తప్పకుండా అడగాలి. నేను చూసినంతలో నియమం తెలియక జరిగినవి తక్కువ, తెలిసీ నోరు విప్పలేక జరిగినవి ఎక్కువ. షిఫ్టు టార్గెట్ పూర్తి కాలేదని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. పని ఆపితే పనిదొంగ అంటారేమోనని శంక ఉంటుంది. పర్మినెంట్ కార్మికుడు ఎలాగో ధైర్యం చేస్తాడు గాని, రేపు పని దొరుకుతుందో లేదో తెలియని కాంట్రాక్టు కార్మికుడు ఎలా చేస్తాడు? ఎక్కడ రాయి రాలి ఎవరికీ తగలకుండా పడిందో, ఎక్కడ టబ్బు పట్టాలు తప్పి మనిషికి జానెడు దూరంలో ఆగిందో, అలాంటి తృటిలో తప్పిన ప్రమాదాలే ఒక గనికి అన్నిటికన్నా మంచి గురువులు. వాటిని చెప్పినవాణ్ణే ముందు దోషిగా నిలబెడితే ఇక ఎవ్వరూ చెప్పరు, గని ఏమీ నేర్చుకోదు. ఏదైనా జరిగినప్పుడు “ఎవడు చేశాడు” అని మొదలుపెట్టే మేనేజరుకూ, “ఎలా జరిగింది, ఇంకెక్కడ ఇలా ఉంది” అని మొదలుపెట్టే మేనేజరుకూ ఉన్న తేడా షిఫ్టు షిఫ్టుకూ తెలుస్తుంది. రెండో రకం మేనేజరు దగ్గర కుర్రవాళ్ళు కూడా వచ్చి మాట్లాడతారు.

కార్మికుడి నోటికి చట్టం కొంత బలం ఇచ్చింది. 1952 నాటి గనుల చట్టం కింద అప్పట్లో ఉన్న నియమాల్లో 1985లో చేసిన మార్పుల వల్ల, కార్మికుల తరఫున గనిని తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లూ, యాజమాన్యంతో కార్మికులు కలిసి కూర్చునే సేఫ్టీ కమిటీలూ వచ్చాయి. 2017లో వచ్చిన బొగ్గు గనుల నిబంధనలు ప్రతి గనికీ సేఫ్టీ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉండాలన్నాయి. అంటే తమ గనిలో ఏయే అపాయాలున్నాయో ముందే కూర్చుని ఆలోచించి, ఒక్కొక్క దానికి ఎవరు బాధ్యులో, ఏం చేయాలో రాసుకోవాలి. ఇది మంచి మార్పే. అయితే ఆ ప్లాన్‌ను ఆఫీసులో కూర్చుని రాయకుండా, డ్రిల్లు పట్టుకునే మనిషినీ పంపు నడిపే మనిషినీ పిలిచి రాస్తేనే అందులో నిజమైన గని కనిపిస్తుంది. కమిటీ మీటింగు పుస్తకంలో ఒకే ఫిర్యాదు నెలనెలా మళ్ళీ మళ్ళీ కనిపిస్తే, అక్కడ కమిటీ పేరుకే ఉందని తెలుసుకోవచ్చు.

ఇంతవరకూ ఒక్క క్షణంలో ప్రాణం తీసే అపాయాల గురించి రాశాను. చప్పుడు చేయకుండా ఏళ్ళ మీద తీసేవి కూడా ఉన్నాయి. బొగ్గు తవ్వేటప్పుడు, రాతిలో డ్రిల్లు వేసేటప్పుడు లేచే దుమ్ములో కంటికి ఆనేదానికన్నా ఆననిదే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే ఆ సన్నని రేణువులే ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళి అక్కడే ఉండిపోతాయి. బొగ్గు దుమ్ము వల్ల న్యుమోకోనియోసిస్, రాతిలోని సిలికా వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. ఒకసారి గట్టిపడిన ఊపిరితిత్తి మళ్ళీ మామూలు కాదు. డ్రిల్లుకు నీటి గొట్టం కలిపి దుమ్ము పుట్టిన చోటే అణచడం, గాలి బాగా ఆడేలా చూడడం, ఈ రెండూ చేశాక మిగిలిన దానికే మాస్కు. చాలాచోట్ల ఈ వరుస తలకిందులై, మాస్కు చేతికిచ్చి బాధ్యత తీరిందనుకుంటారు. కార్మికులకు నిర్ణీత కాలానికొకసారి జరగాల్సిన వైద్య పరీక్షల్లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫలితం ఏమిటో కార్మికుడికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం డాక్టరు బాధ్యత, అడిగి తెలుసుకోవడం కార్మికుడి హక్కు. మీ ఇంట్లో గని పనికి వెళ్ళేవాళ్ళుంటే, పోయినసారి పరీక్షలో ఏం చెప్పారో వాళ్ళను అడగండి.

ఇప్పుడు మన దేశపు బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి, అంటే నేలను పైనుంచే తవ్వే గనుల నుంచి, వస్తోంది. అక్కడ కప్పు లేదు గాని, ఇల్లంత ఎత్తున్న డంపర్ లారీలు తిరుగుతాయి. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి చక్రాల దగ్గర నిలబడిన మనిషి కనిపించడు. రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున కన్ను మూతపడే వేళ మరీ కష్టం. “నాకు నిద్ర వస్తోంది, కాసేపు దిగుతాను” అని ఆ డ్రైవరు సిగ్గుపడకుండా చెప్పగలిగితే, ఎదుటి సూపర్‌వైజరు దాన్ని తప్పుగా తీసుకోకపోతే, అక్కడ రక్షణ ఉన్నట్లే.

మీలో కొందరు రేపు గనుల్లో పనికి వెళ్ళవచ్చు. చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివాళ్ళను గని పనిలో పెట్టుకోకూడదు, 16 దాటిన అప్రెంటిస్‌లకు మాత్రం పర్యవేక్షణలో అనుమతి ఉంది. ఆడపిల్లలకు చాలాకాలం భూగర్భ గనుల తలుపులు మూసే ఉన్నాయి. సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో పగటి వేళ వాళ్ళూ దిగడానికి 2019లో అనుమతి వచ్చింది. పనిలో చేరే ముందు శిక్షణ కేంద్రంలో, విషవాయువు కమ్మినప్పుడు ఊపిరి నిలిపే సెల్ఫ్ రెస్క్యూయర్ పెట్టె ఇచ్చి తగిలించుకోవడం నేర్పిస్తారు. చీకట్లో, కంగారులో కూడా చేతులు తడబడకుండా తగిలించుకునేదాకా దాన్ని సాధన చేయండి. ప్రతి గనికీ కనీసం రెండు దారులుంటాయి, ఆ రెండు దారులవెంటా ఒకసారి కాలినడకన వెళ్ళి చూడండి. కప్పు తట్టడం సర్దారు దగ్గర నిలబడి నేర్చుకోండి. చివరగా, ఏదైనా తేడా కనిపిస్తే ఎవరికి చెప్పాలి, చెప్పింది ఏ పుస్తకంలో రాస్తారు, రాసిందాన్ని తర్వాతి షిఫ్టులో ఎవరు చదువుతారు అని మొదటి రోజే అడగండి.

మీ సందేహాలు రాసి పంపితే ఒక్కొక్క దానికీ జవాబు రాస్తాను.

మీ తాతయ్య,
విశ్రాంత మైనింగ్ సర్దార్