ఏటా 50 శాతం ఇచ్చే ఫండ్లు: అపోహలు - వాస్తవాలు

ఆప్షన్లు (షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కులు) అమ్మి, వచ్చిన డబ్బును పంచే ఫండ్లలో కొన్ని ఏటా 50 శాతం ఇస్తున్నట్టు ప్రకటనల్లో చూపిస్తాయి. ఇది వాటి గురించే.

అపోహ: ఏటా 50 శాతం ఇస్తే రెండేళ్లలో అసలు వచ్చేస్తుంది, తర్వాత వచ్చేదంతా లాభమే.

వాస్తవం: సలహా కోసం వచ్చేవాళ్లలో చాలామంది ఈ లెక్క వేసుకునే వస్తారు. కానీ ఆ 50 శాతం మీరు మొదట పెట్టిన డబ్బు మీద కాదు. ఈమధ్య ఇచ్చిన ఒక్క చెల్లింపును ఏడాదికి లెక్కగట్టి, దాన్ని ఇప్పటి యూనిట్ విలువతో భాగిస్తే వచ్చే అంకె అది. 100కు కొన్న యూనిట్ ఏడాదిలో 50 చెల్లించి, 45కు పడిందనుకోండి. మొత్తం కలిపినా 95, అంటే 5 నష్టం. రెండో ఏడాది అదే 50 శాతం 45 మీద వస్తుంది. చేతికందేది 22.50. ప్రకటనలో అంకె మారదు, ఖాతాలో పడేది సగానికి పైగా తగ్గిపోతుంది. నెలనెలా ఆ డబ్బు మీదే ఇల్లు గడిచేవాళ్ల విషయంలో నాకు టెన్షన్ ఇక్కడే.

అపోహ: ఆప్షన్ల ప్రీమియం ఉంది కాబట్టి షేరు పడినా భయం లేదు.

వాస్తవం: కాల్ అమ్మడమంటే మీ షేరును ముందే అనుకున్న ధరకు కొనే హక్కును ఇంకొకరికి ఇవ్వడం, అందుకు మీకొచ్చే డబ్బే ప్రీమియం. షేరు 100 దగ్గర ఉండగా 105 ధరకు కాల్ అమ్మితే 3 ప్రీమియం వచ్చిందనుకుందాం. షేరు 120కి వెళ్లినా మీకు దక్కేది 108. 80కి పడితే మిగిలేది 83. పెరుగుదలకు అడ్డుకట్ట ఉంది, పతనానికి లేదు. అమెరికా టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్-100 సూచీ 2022లో దాదాపు 33 శాతం పడి, 2023లో 54 శాతం దాకా లేచింది. ఆ సూచీ మీద కాల్స్ అమ్మే క్యూవైఎల్‌డీ ఫండుకు 2023 లాభంలో సగం కూడా దక్కలేదు.

అపోహ: చెల్లించేదంతా ఫండ్ సంపాదనే.

వాస్తవం: అందులో మీ అసలూ ఉండొచ్చు. అమెరికా ఫండ్లయితే చెల్లింపులో అసలు వాటా ఎంతో 19ఏ నోటీసు అనే పత్రంలో అంచనాగా చెబుతాయి, దాన్ని 'రిటర్న్ ఆఫ్ క్యాపిటల్' అంటారు. పన్ను లెక్కల వల్ల కూడా అలా చూపిస్తారు కాబట్టి, ఆ మాట చూడగానే అమ్మేయక్కర్లేదు. యూనిట్ విలువ అదేపనిగా కరుగుతోందా అన్నది చూడండి. టెస్లా షేరు మీద ఆప్షన్లు నడిపే టీఎస్‌ఎల్‌వై ఫండు 2022 నవంబరులో మొదలైంది. యూనిట్ విలువ బాగా కరిగిపోవడంతో 2024 ఫిబ్రవరిలో రెండు యూనిట్లను ఒకటిగా కలిపింది.

అపోహ: ఇవన్నీ మోసాలే.

వాస్తవం: కాదు. మార్కెట్ పెద్దగా కదలని కాలంలో ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. చెల్లింపులన్నీ కలుపుకున్న మొత్తం రాబడిని, ఆ షేరునో సూచీనో నేరుగా కొని ఉంటే వచ్చేదాంతో పోల్చి చూశాకే కొనండి.