స్విచ్‌కి టైమ్ ఎందుకు తెలీదు? 1993 మార్చి 1 వెనక కథ

కరెంట్ పోయి వచ్చాక పాత సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లో (నెట్‌వర్క్‌లో కంప్యూటర్లని కలిపే పెట్టె) లాగ్, అంటే జరిగినవి టైమ్‌తో సహా రాసుకునే చిట్టా, చూస్తే లైన్ మొదట్లో ఒక స్టార్ గుర్తు, పక్కనే మార్చి 1, 00:00:42 అని ఉంటుంది. మీరు ఏ నెలలో చూసినా అదే మార్చి 1. క్లాక్ కమాండ్ కొడితే ఏడాది కూడా బయటపడుతుంది, 1993. ఆ స్టార్ అంటే ఈ టైమ్‌ని నమ్మకండి బాబూ అని స్విచ్చే చెప్పుకోవడం, నేనైతే చాలా రోజులు అదేదో అలంకారం అనుకున్నా.

అలాంటి స్విచ్‌లు చాలావాటిలో బ్యాటరీ గడియారం ఉండదు. ఫ్రేమ్ (డేటా ముక్క) వచ్చిందా, మ్యాక్ టేబుల్ (ఏ పరికరం ఏ పోర్ట్ వైపు ఉందో రాసుకున్న పట్టిక) చూసి పోర్ట్‌లోకి తోసిందా, అంతే దాని పని, దానికి టైమ్‌తో ఏం అవసరం. తంటా అంతా తర్వాత మొదలైంది: పది స్విచ్‌ల లాగ్‌లు ఒకచోట పెట్టి ఏ లింక్ ముందు పడిపోయిందో వెతకాల్సి వచ్చినప్పుడు, సర్టిఫికెట్లు (ఎదుటి యంత్రం అసలుదేనని చెప్పే, చెల్లుబాటు తేదీలున్న డిజిటల్ పత్రాలు) వచ్చి 1993లో ఉన్న స్విచ్ "ఇది ఇంకా చెల్లదు" అని తోసిపుచ్చినప్పుడు. చేత్తో టైమ్ సెట్ చేసినా నిలవదు, లోపల టైమ్ లెక్కపెట్టే క్రిస్టల్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడాతో నడిచినా రోజుకి 1.7 సెకన్లు, నెలకి దాదాపు నిమిషం జారిపోతుంది.

అందుకే టైమ్‌ని నెట్‌వర్క్‌లోనే ఇంకో యంత్రాన్ని అడగాలి. 1983 నాటి టైమ్ ప్రోటోకాల్ 1900 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో చెప్పి ఊరుకునేది, ఆ జవాబు దారిలో ఎంతసేపు ఉందో దానికి పట్టదు. డెలావేర్ యూనివర్సిటీలో పనిచేసిన డేవిడ్ మిల్స్ పట్టుకున్నది సరిగ్గా ఆ దారినే. 1985లో ఆయన రాసిన ఎన్‌టీపీలో (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్) ప్రశ్న బయల్దేరినప్పుడు, సర్వర్‌కి చేరినప్పుడు, జవాబు బయల్దేరినప్పుడు, తిరిగొచ్చినప్పుడు, ఇలా నాలుగు టైమ్‌లు తీసుకుని ప్రయాణాన్ని లెక్క కడతారు. 1992లో మూడో వెర్షన్, 2010లో నాలుగోది వచ్చాయి కానీ ఆ నాలుగు టైమ్‌ల లెక్క మాత్రం మారలేదు.

దానిలో ఒక నమ్మకం దాగుంది, పోయేదారికీ వచ్చేదారికీ ఒకే టైమ్ పడుతుందని. దాన్ని చెడగొట్టేది ఎవరనుకున్నారు, మన స్విచ్చే! ట్రాఫిక్ ఎక్కువైతే ప్యాకెట్ క్యూలో నిలబడుతుంది, ఒకవైపు ఎక్కువసేపు, ఇంకోవైపు తక్కువసేపు. లాగ్‌లకి మిల్లీసెకన్లలో తేడా ఉన్నా ఏం కాదు గానీ, ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా పంపుతూ వింటూ ఉండే మొబైల్ టవర్లకి 1.5 మైక్రోసెకన్ల లోపే ఉండాలి. 2002లో దానికోసం ఐఈఈఈ 1588 అనే ప్రమాణం, అంటే పీటీపీ (ప్రెసిషన్ టైమ్ ప్రోటోకాల్), వచ్చింది. ఇందులో స్విచ్ తానే బౌండరీ క్లాక్‌గా మారి పైనుంచి టైమ్ తీసుకుని కింద ఉన్నవాటికి ఇవ్వగలదు. 2008 వెర్షన్‌లో ట్రాన్స్‌పరెంట్ క్లాక్ కూడా చేర్చారు, ప్యాకెట్ నా దగ్గర ఇంతసేపు ఆగింది అని స్విచ్ కొలిచి టైమ్ సందేశంలోనే సవరణ కోసం ఉంచిన కరెక్షన్ ఫీల్డ్‌లో కలిపేస్తుంది (నాకు మొత్తం కథలో నచ్చిన ముక్క ఇదే). కాకపోతే ఇదంతా హార్డ్‌వేర్ టైమ్‌స్టాంప్ (ప్యాకెట్ వచ్చిన, వెళ్లిన క్షణాన్ని చిప్పే నమోదు చేయడం) ఉన్న స్విచ్‌లోనే బాగా పనిచేస్తుంది.

మామూలు స్విచ్‌లకి ఇప్పటికీ ఎన్‌టీపీయే గతి. చాలామంది ఒకే సర్వర్ అడ్రస్ ఇచ్చి వదిలేస్తారు, రెండిస్తే రెండూ వేర్వేరు టైమ్ చెప్పినప్పుడు ఏది నిజమో తేలదు, నాలుగిస్తే తప్పు చెప్పే ఒకదాన్ని పక్కన పెట్టొచ్చు. ఉన్న ఆ ఒక్క సర్వర్ పోతే లాగ్‌లో స్టార్ రాదు, ఒక చుక్క వస్తుంది, ఒకప్పుడు సింక్‌లో ఉన్నా ఇప్పుడు లేను అని.