ఆట దొరుకుతోంది, దాని కాగితాలే దొరకడం లేదు

1990లలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి ఊళ్లలో మొదటిసారి కీబోర్డు ముట్టుకున్న తెలుగు పిల్లలకి ఇప్పుడు నలభై ఏళ్లు అటూఇటూ. కథలో తిరుగుతూ చిక్కుముళ్లు విప్పే అప్పటి అడ్వెంచర్ గేములు మళ్లీ ఆడాలనిపిస్తే పెద్ద ఇబ్బందేం లేదు. 2001లో మొదలైన స్కమ్‌విఎం, మరుసటి ఏడు వచ్చిన డాస్‌బాక్స్ అనే పాత ఆటల్ని కొత్త మెషీన్లలో నడిపే ప్రోగ్రాముల పుణ్యమా అని ముప్పై అయిదేళ్ల నాటి ఆట ఫోన్‌లో కూడా నడిచిపోతుంది. పెట్టెలో దానితోపాటు వచ్చిన మాన్యువళ్లు, మ్యాపులు, చీటీల సంగతే ఎవరికీ పట్టలేదు. ఇల్లు మారినప్పుడల్లా అవి పాత పేపర్లతో కలిసి కిలోల లెక్కన పోతున్నాయి. మా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ కథకి ఇంకో మెలిక ఉంది. ఇక్కడికి అసలు మాన్యువల్ రావడమే అరుదు. వచ్చింది దాని జిరాక్సు, అదీ లేకపోతే జిరాక్సు చూసి ఎవరో రాసుకున్న కాగితం.

మాన్యువల్‌కి అంత విలువ ఎందుకొచ్చిందంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1976లో విల్ క్రౌథర్ ఒక గుహ చుట్టూ ఆట అల్లితే, మరుసటి ఏడు డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. బొమ్మ ఒక్కటీ లేదు, అంతా అక్షరాలే. ఉత్తరానికి వెళ్లమనో, దీపం తీసుకోమనో ఇంగ్లిషులో టైపు చేస్తే ఆట బదులిచ్చేది. అదే దారిలో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 'జోర్క్' రాసి, 1979లో ఇన్ఫోకామ్ అనే కంపెనీ పెట్టారు. 1982లో ఆ కంపెనీ 'డెడ్‌లైన్' అనే హత్యకేసు ఆట తెచ్చింది. అప్పటి ఫ్లాపీలో సమాచారమంతా పట్టలేదు. దాంతో సాక్షుల వాంగ్మూలాలు, ల్యాబ్ రిపోర్టు, హత్య జరిగిన చోటి ఫోటో, ఆఖరికి చిన్న సంచీలో మాత్రలు కూడా పోలీసు ఫైలులా సర్ది పెట్టెలో పెట్టారు. చోటు చాలక చేసిన ఏర్పాటు జనానికి తెగ నచ్చేసింది. అక్కణ్ణుంచి వాళ్ల పెట్టెల్లో ఇలాంటి సరంజామా మామూలైపోయింది. 1984 నాటి 'హిచ్‌హైకర్స్ గైడ్' పెట్టెలో ఒక ఖాళీ ప్లాస్టిక్ సంచీ ఉండేది. అందులో కంటికి కనబడనంత చిన్న అంతరిక్ష నౌకాదళం ఉందట! దీన్ని ఏ మ్యూజియం వాళ్లు ఏ పేరుతో జాబితాకెక్కించాలో మరి.

ఇక రెండో కారణం దొంగ కాపీలు. ఫ్లాపీ కాపీ కొట్టడం నిమిషాల పని, పుస్తకం కాపీ కొట్టాలంటే డబ్బూ ఓపికా కావాలి. అందుకని కంపెనీలు ఆట తాళంచెవిని కాగితంలో దాచడం మొదలుపెట్టాయి. సియెర్రా అనే కంపెనీ వాళ్ల 'కింగ్స్ క్వెస్ట్ 3' 1986లో వచ్చింది. అందులో మంత్రం వేయాలంటే మాన్యువల్లో ఉన్న తతంగమంతా పొల్లుపోకుండా టైపు చేయాలి. ఒక్క ముక్క తప్పితే ప్రాణం పోయినట్టే. అడ్వెంచర్ గేము కాకపోయినా 1989 నాటి 'సిమ్‌సిటీ' ఇంకో ఎత్తు వేసింది. ఆట అడిగే కోడ్‌లను ఎర్రటి కాగితం మీద ముదురు సిరాతో అచ్చేసింది, జిరాక్సు తీస్తే మొత్తం నల్లగా రావాలని.

అన్నిటికన్నా ముచ్చటైనది 1990 నాటి 'మంకీ ఐలాండ్' చక్రం. రెండు గుండ్రటి అట్టలను మధ్యలో రివెట్‌తో బిగించారు. ఒక అట్ట మీద ఓడదొంగల మొహాల పైసగం, రెండోదాని మీద కిందిసగం. తెర మీద ఒక మొహం కనిపించి, ఇతణ్ణి ఫలానా చోట ఏ సంవత్సరంలో ఉరితీశారని ఆట అడుగుతుంది. చక్రం తిప్పి ఆ మొహం కుదిరేలా పెడితే, ఆ ఊరి పేరున్న కిటికీలో సంవత్సరం కనిపిస్తుంది. దీన్ని జిరాక్సు తీస్తే తిరగని చక్రం వస్తుంది. స్కాన్ చేసి భద్రపరచాలన్నా ఇదే తిప్పలు. రివెట్ విప్పితే వస్తువు పాడవుతుంది, విప్పకపోతే కింది అట్ట కనబడదు. ఇప్పుడు స్కమ్‌విఎం ఇలాంటి కొన్ని ఆటల్లో ప్రశ్నే అడగకుండా దాటించేస్తుంది. ఆడేవాళ్లకి సుఖమే, కానీ చక్రం అనేదొకటి ఉండేదని కూడా కొత్తవాళ్లకి తెలియదు.

మా వైపు కథ వేరుగా నడిచింది. అప్పటి ప్రభుత్వ టెలికం సంస్థ విఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైంది గానీ అది మహానగరాలకే. ఇక్కడ ఆటలు తిరిగింది ఫ్లాపీల మీద. విశాఖ వెళ్లొచ్చిన బంధువు తెచ్చేవాడు, లేదంటే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మెషీన్లో ఎవరో దాచిపెట్టేవాడు. అందరూ ఆడింది 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. జోర్డాన్ మెక్నర్ 1989లో చేసిన ఈ ఆటలో బుర్ర కంటే గెంతులకే ఎక్కువ పని. దానిలోనూ మొదటి లెవెల్ దాటగానే మాన్యువల్లో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా పదం తొలి అక్షరమేదో చూసి ఆ అక్షరమున్న సీసా తాగాలి. తాళం పగలగొట్టిన కాపీల్లో ఈ బాధ లేదు. మాన్యువల్ లేకుండా గడిచిపోయింది కాబట్టి దాని స్థానంలోకి, లెవెళ్లు ఎగ్గొట్టాలంటే 'ప్రిన్స్ మెగాహిట్' అని టైపు చేసి మొదలెట్టాలనే చీటీ వచ్చింది. ఆట ఎలా ఆడాలో చెప్పే పుస్తకం పోయి, ఎలా ఎగ్గొట్టాలో చెప్పే ముక్క మిగిలిందన్నమాట.

అలాంటి ఒక లాంగ్ నోట్‌బుక్ నేను చూశాను. ముందువైపు బడిలో రాసిన ఒడియా పాఠం. వెనకనుంచి తెరిస్తే పెన్సిల్‌తో గీసిన గదుల మ్యాపు: గడికో గది, గదుల మధ్య బాణాలు, పక్కన ఇంగ్లిషు పెద్దక్షరాల్లో ఆటకి చెప్పాల్సిన ఆజ్ఞలు. ఒక గడి పక్కన తెలుగులో 'తాడు లేకుండా ఇటు పోతే చస్తాం' అని రాసి రెండుసార్లు గీత కొట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆటలో ఇంగ్లిషు అయిన పిల్లలకి ఇదే మాన్యువల్. తాళపత్రాల్లో మూలప్రతి పోయినా నకళ్లు మిగిలినట్టు, ఇక్కడా మిగిలేవి నకళ్లే. కాకపోతే తాళపత్రాలను భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ మ్యూజియం దాచింది. వీటిని దాచినవాళ్లు లేరు.

1993లో 'మిస్ట్' అనే అడ్వెంచర్ గేము, ఫ్లాపీకన్నా ఎంతో ఎక్కువ పట్టే సీడీ మీద వచ్చాక కాగితం అవసరం తగ్గింది. ఆ పెట్టెలో మాత్రం నోట్సు రాసుకోమని ఖాళీ పుస్తకం ఇచ్చారు. 2010లో గేముల కంపెనీ యుబిసాఫ్ట్ అచ్చు మాన్యువళ్లు ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

మిగిలిన కాగితానికి ఈ తీరం అచ్చిరాదు. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి పుస్తకం మడతలోని స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టి పేజీలకి గోధుమరంగు మరకలు ఎక్కుతాయి. రామబాణం పురుగులు సరేసరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు వచ్చిపోయాక అటకల మీద తడవకుండా ఎన్ని పెట్టెలు మిగిలి ఉంటాయి? కొన్నిటికి తుపాను కూడా అక్కర్లేదు. ఇన్ఫోకామ్ అమ్మిన సూచనల పుస్తకాల్లో జవాబులు కనబడని సిరాతో ఉండేవి, ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే తేలేవి. తేలిన అక్షరాలు కాలంతోపాటు వెలిసిపోతాయి.

అసలు పెట్టెలకి విదేశాల్లో దిక్కుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్యాబ్రినెటీ అనే పాత గేముల సేకరణ ఉంది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు ఉన్నాయి. అందుకే మెరిసే పెట్టె కోసం వేలు పోయడం కంటే మన జిరాక్సులు, నోట్‌బుక్కులు ముందు వెతకాలని నా అభిప్రాయం. చట్టం కూడా నోట్‌బుక్కులకే సులువు. మాన్యువల్ మీద రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. అచ్చుప్రతి ముందే తమ దగ్గరున్న లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీలు భద్రపరచడానికి దాన్ని డిజిటల్‌గా దాచుకోవచ్చని మన కాపీరైట్ చట్టానికి చేసిన 2012 సవరణ చెప్పింది. ఆ వెసులుబాటు ఉందని ఇంట్లో స్కాన్ చేసి అందరికీ పంచితే కుదరదు. సొంతంగా గీసిన మ్యాపు మాత్రం గీసినవాళ్లదే, వాళ్లు సరేనంటే చాలు. స్కాన్ చేసేముందు తుప్పుపట్టిన పిన్నులు తీసేయాలి. స్కానర్ స్పష్టత 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకి) తగ్గకుండా, రంగుల్లోనే తీయాలి, ఎందుకంటే నలుపు తెలుపులో పెన్సిల్ గీతలు మాయమవుతాయి. నోట్‌బుక్ అయితే వెనకవైపు మ్యాపుతో సరిపెట్టకుండా ముందువైపు ఒడియా పాఠం కూడా తీయాలి.