చార్మినార్, ప్లేగు, ఒక మొక్కు

బుజ్జీ, చిన్నా,

సెలవులకి హైదరాబాద్ వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చార్మినార్ దగ్గర ఎవరో ఒకరు మీకు ఈ కథ చెప్పకుండా వదలరు, అందుకే ముందే రాస్తున్నా. ప్లేగొచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే గోల్కొండ రాజు మహమ్మద్ కులీ కుతుబ్ షా "ఈ రోగం పోతే ఇక్కడే మసీదు కట్టిస్తాను" అని దేవుడికి మొక్కుకున్నాడట, రోగం తగ్గిందట, 1591లో చార్మినార్ కట్టించాడట.

మరి ఆ ప్లేగు ఏ ఊళ్లో వచ్చినట్టు? హైదరాబాద్ అప్పటికి లేదు కదా, చార్మినార్‌తోనే ఆ ఊరు మొదలైంది. రాజధాని గోల్కొండ. అక్కడ జనం కిక్కిరిసిపోయి, నీళ్లకి కటకట వచ్చి మూసీ నది అవతల కొత్త ఊరు కట్టారంటారు. అంత ఇరుకులో, నీళ్లు చాలని చోట రోగాలు రావడం వింతేం కాదు, కాబట్టి కథని ఉత్త గాలికబురని నేను కొట్టిపారేయను. కానీ అది ప్లేగేనని ఎవరు తేల్చారు? ప్లేగు క్రిమిని యెర్సిన్ అనే శాస్త్రవేత్త హాంకాంగ్‌లో కనిపెట్టింది 1894లో, ఎలుకల ఒంటిమీది చిన్న పురుగులు దాన్ని మనుషులకి అంటిస్తాయని సైమండ్ అనే ఇంకో శాస్త్రవేత్త చెప్పింది 1898లో. అందుకేనేమో ఇదే కథని కొందరు కలరా పేరుతో కూడా చెప్తారు.

చరిత్రకారుల్లో చాలామంది చెప్పే కారణం వేరు. ముస్లింల పంచాంగం హిజ్రీ లెక్కలో 1000వ సంవత్సరం సరిగ్గా 1591 అక్టోబరులో మొదలైంది, దానికి గుర్తుగా కట్టారని. నాకూ అదే సబబుగా ఉంది. అయినా జనం నోట నిలిచింది మొక్కు కథే, ఎందుకంటే అది అందరికీ తెలిసిన పని. మన విజయనగరం పల్లెల్లో అమ్మవారు పోసినప్పుడు ముర్రాటలు, అంటే పసుపు నీళ్లు, పోసి మొక్కుకునేవారు కాదూ? రాజైనా భయమేస్తే చేసేది అదే అనుకుని ఉంటారు. పై అంతస్తులో నిజంగానే మసీదు ఉండటం కథకి ఇంకా బలం.

భాగమతి ప్రేమకథ కూడా ఒకటుంది, అది మీ అత్తని అడగండి, నాకంటే బాగా చెప్తుంది.

నాలుగు వైపులా ఉన్న గడియారాలు చూసి అవీ రాజు కాలానివే అనుకునేరు, అవి 1889లో పెట్టినవి. లోపల మెట్లు 149, చుట్లు తిరుగుతూ ఉంటాయి, చిన్నాని ముందు నడవనివ్వకు బుజ్జీ.

మీ తాతయ్య,
విజయనగరం