పొయ్యి కట్టేశాక గుండిగలో ఏం జరుగుతుంది?

వృద్ధాశ్రమంలో వంట అయిపోయింది. పొయ్యి కట్టేసి గుండిగ మీద మూత పెట్టారు. గంటలు గడిచాక అంచు తాకితే చల్లగానే ఉంటుంది. గరిటె నడుమకు దించి తీస్తే మాత్రం ఇంకా వెచ్చగా వస్తుంది. వందమందికి వండేచోట నాకు ఎక్కువ భయం వేసేది ఆ వెచ్చదనం చూస్తేనే.

అంతసేపు ఉడికించాం, ఇంకేం బతుకుతాయి అనుకుంటాం. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు, అంటే వేడిని తట్టుకునే గట్టి పొరలో నిద్రపోతున్న దాని రూపాలు, బతుకుతాయి. ఉడికేటప్పుడు పదార్థంలోని గాలి బయటికి పోతుంది, దీనికి కావలసింది గాలి లేని చోటే. పోటీపడే సూక్ష్మజీవులు కూడా అప్పటికే చచ్చిపోయి ఉంటాయి. వేడి 43-45 డిగ్రీలకు దిగేసరికి ఇది సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. లెక్క వేసి చూడండి: మూడు గంటల్లో ఒక్కటి 2,62,144 అవుతుంది. రంగు, వాసన, రుచి ఏవీ మారకపోవచ్చు. అందుకే వంటమనిషి నాలుక మీద నమ్మకం పెట్టుకోకూడదు, థర్మామీటర్ కావాలి.

చిక్కటి పదార్థం చల్లారే సమయం దాని మందం వర్గాన్ని (మందాన్ని మందంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 5 సెంటీమీటర్ల మందానికి ఒక గంట పడితే 20 సెంటీమీటర్లకు దాదాపు 16 గంటలు! గుండిగను అలాగే ఫ్రిజ్‌లోకి తోస్తే లాభం లేదు, పైగా పక్కనున్నవి కూడా వేడెక్కుతాయి. లోతు తక్కువ ట్రేల్లోకి సర్దాలి. అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే 1984 ఆగస్టు గుర్తు చేసుకోవాలి. ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్‌లోని స్టాన్లీ రాయిడ్ ఆసుపత్రిలో వండిన మాంసం గంటల తరబడి ఫ్రిజ్ బయటే ఉండిపోయింది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకి 19 మంది రోగులు చనిపోయారు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల వంటశాలల మీద ఆహార పరిశుభ్రత చట్టం కింద కేసు పెట్టే వీలే లేదు. ఆ రక్షణను 1987లో తీసేశారు.

మనకు రెండు రోజుల విరేచనాలతో పోయేది పెద్దవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లలో లోపలికొచ్చిన క్రిములు ఎక్కువగా బతికిపోతాయి. ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. మతిమరుపు జబ్బున్నవాళ్లు కడుపునొప్పి అని కూడా చెప్పలేకపోవచ్చు.

ఫ్రిజ్‌లో పెట్టాక కూడా నిశ్చింత లేదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా 4 డిగ్రీల చలిలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. అది సోకితే జబ్బు బయటపడటానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. అప్పటికి ఎవరు ఏ డబ్బాలోది తిన్నారో ఎవరికి గుర్తుంటుంది? డబ్బా మూత మీద వండిన తేదీ, టైము రాసి అంటించిన ఆ చిన్న చీటీని నేను మందు సీసా మీది లేబుల్‌తో సమానంగా చూస్తాను.